అవ్వ మొక్కిన పుంజు

మా ఇంటి పుంజు కథను నేను ఇదివరకే ఒకసారి రాశాను. తప్పుగా రాశాను. ఆ తప్పు పట్టుకున్నవాడు తెలుగులో ఒక్క అక్షరం కూడా చదవలేని మా తమ్ముడు వేణు. అందుకే మళ్ళీ మొదటి నుంచి రాయవలసి వచ్చింది. పుదుచ్చేరిలో మా వాళ్ళ ఇళ్ళలో తెలుగు నోటి దాకానే. ఎన్ని తరాల కిందట ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో ఎవరికీ సరిగా తెలియదు గాని, పొయ్యి దగ్గరా, పురిటి గదిలో, పోట్లాటలో మాత్రం తెలుగే. బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. నేను నెల్లూరికి కోడలిగా వెళ్ళాక, నా పిల్లల వాచకాలు ముందేసుకుని పట్టుదలగా అక్షరాలు నేర్చుకున్నాను. చివరికి పత్రికలకు రాసేదాకా వచ్చాను. అందువల్ల పుట్టింటివాళ్ళ మీద నేను ఏం రాసినా వాళ్ళకు తెలియదు. అందులో ఉన్న సుఖం రాసేవాళ్ళకే తెలుసు.

పోయిన నెల వేణుకు కుడి మోకాలికి ఆపరేషన్ చేశారు. వాడు సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్ళు గొలుసూ టేపూ పట్టుకుని ఊరి చుట్టూ స్థలాలు కొలిచినవాడు, నడకతోనే బతికినవాడు. ఆపరేషన్ బాగా జరిగింది. కుట్లు ఆరాయి. డాక్టరు నడవమన్నాడు. వీడు నడవడు. రోజూ పొద్దున ఫిజియోథెరపీ అమ్మాయి స్కూటీ మీద వచ్చి, "అంకుల్, నాలుగే అడుగులు" అని బతిమాలుతుంది. వీడు వాకర్ పట్టుకుని లేస్తాడు, నేల వంక చూస్తాడు, ఏదో గుర్తొచ్చినవాడిలా మళ్ళీ కూర్చుంటాడు. మా మరదలు కస్తూరి ఫోన్ చేసింది. "వదినా, ఈయన కాలు బాగుండాది, మనిషే బాగలేడు. ఇట్టే కూచుంటే కీలు బిగుసుకుపోతాదంట, మళ్ళా కత్తి పెట్టాల్సి వస్తాదని డాక్టరు అంటా ఉండాడు. మీరొచ్చి రెండు మాటలు చెప్పండి" అంది. ఆ గొంతులో ఏడుపు తెలుస్తూనే ఉంది. మర్నాడే బస్సెక్కాను.

ఉప్పళం పేటలో మా ఇల్లు ఇప్పుడు సగమే మిగిలింది. వీధి వైపు భాగం పడగొట్టి రెండంతస్తులు లేపి, కింద మొబైల్ రిపేరు షాపుకు అద్దెకిచ్చారు. వెనక మాత్రం పాత వంటిల్లు, దాని గడప, పెరడు అలాగే ఉన్నాయి. గుడ్డలుతికే రాయి కూడా ఉంది, దాని పక్కనే రేకుల కింద వాషింగ్ మెషీను. వేణు ఆ గడప దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, పెరట్లోకి చూస్తూ కూర్చుని ఉన్నాడు. నేను చెప్పగలిగిన రెండు మాటలూ మొదటి పది నిమిషాల్లోనే అయిపోయాయి. "సరే అక్కా" అన్నాడు గాని లేవలేదు. సాయంత్రం తోచక, సంచిలో ఉన్న పాత పత్రిక తీసి, వాడి కథే వాడికి చదివి వినిపించాను. నవ్వితేనన్నా కదులుతాడేమోనని నా ఆశ. ఆ కథ ఇది.

మా ఇల్లు అప్పట్లో సన్నగా, పొడుగ్గా, రైలుపెట్టెలా ఉండేది. వీధి తిన్నె మీద కూర్చుంటే నడవా, హాలు, వంటిల్లు దాటి పెరటి చివరి రేకు తలుపు దాకా ఒకే చూపులో కనిపించేది. ఆ రేకు తలుపే మరుగుదొడ్డి. వంటింటి గడప నుంచి అక్కడికి నా ఎనిమిదేళ్ళ అడుగులతో ముప్పై ఆరు అడుగులు. ఏ పిల్లా అలాంటివి లెక్కపెట్టదు, అవసరం వస్తే తప్ప. పొద్దున్నే ఇంట్లో ముందు లేచేది వాసనలు. అమ్మ పెట్టే కాఫీ డికాషను, అవ్వ నలిపే పొగాకు, బావి గట్టు పాచి, కాస్త పొద్దెక్కాక జాలర్ల కురుచికుప్పం నుంచి వచ్చే చేపల బుట్ట. నాయన మిల్లులో గుమాస్తా. ఆయన సైకిలు బయటికి పోయేదాకా ఇల్లు ఆయనది. పోయాక అవ్వది. ఉన్నప్పుడు కూడా అవ్వదే అని నాయనకు తెలుసు, పైకి అనేవాడు కాదు.

అవ్వ నాయనకు తల్లి. పొట్టిగా, గట్టిగా ఉండేది. దేవుళ్ళతో ఆమె మాట్లాడే తీరు పక్కింటి ఆడవాళ్ళతో మాట్లాడే తీరుకు ఏమీ తేడా ఉండేది కాదు. దీపం పెట్టి, కొంగు నడుముకు దోపి, "ఇదో తల్లీ, నిన్న చెప్పింది ఏమైంది?" అని అడిగేది. ఆ రోజుల్లో ఆమె రోజూ అడిగే విషయం ఒక్కటే. వేణుకు రెండేళ్ళు నిండాయి, నడవడం లేదు. పాకడు కూడా. కూర్చున్నచోటు నుంచి కూర్చునే జరుగుతూ ఇల్లంతా తిరిగేవాడు, వాడి నిక్కర్లు వెనకవైపే చిరిగేవి. చుట్టాలు వచ్చి వాడి పాదాలు తిప్పి చూసి, సంతలో గొడ్డును చూసినట్టు చూసి, పెదవి విరిచి పోయేవాళ్ళు. అమ్మ వాళ్ళ ముందు నవ్వేది, వంటింట్లోకి వచ్చి కళ్ళు తుడుచుకునేది. ఆస్పత్రిలో డాక్టరు ఎముకల్లో ఏ లోపమూ లేదు, చంకన ఎత్తుకోకుండా నేల మీద వదలండి అన్నాడు. అవ్వకు అది వైద్యంలా అనిపించలేదు. ఒక శుక్రవారం ఎక్కడినుంచో ఒక కోడిపిల్లను కొనుక్కొచ్చి, దాని కాలికి పసుపు దారం కట్టి, దీపం ముందు నిలబడి వీరాంపట్టినం ఊరి అమ్మవారికి మొక్కింది. "వీరాంపట్టినం తల్లీ, నా మనవడు తన కాళ్ళ మీద నడిచొచ్చి, తన చేత్తో ఈ పుంజును నీకు ఇస్తాడు. ఆలస్యం చెయ్యబాక."

ఆలస్యం జరిగింది. వేణు నడవలేదు గాని పిల్ల పుంజైంది. డేగ రంగు, తోక నల్లన, కళ్ళు ఎర్రన. మొదట్లో దాన్ని అందరం మేపేవాళ్ళమే. మొక్కిన కోడికి మా వాళ్ళలో కొన్ని హక్కులుంటాయి. దాన్ని కొట్టకూడదు, తిట్టకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, దానికి బదులు వేరేదాన్ని పెట్టకూడదు. ఈ హక్కుల గురించి ఎవరో దానికి చెప్పి ఉంటారని నా అనుమానం. ఎందుకంటే ఏడో నెల రాగానే అది మాకు యజమాని అయింది. ఒక రెక్క నేలకు దించి, మెడ ఈకలు గొడుగులా విప్పి, పక్కవాటుగా రెండడుగులు వేసేదంటే ఇక మన పని అయిందన్నమాట. మొదట నా మీద మొదలుపెట్టింది. బడి సంచి అడ్డం పెట్టుకుని, వీపు గోడకు ఆనించి జరుగుతూ పోయేదాన్ని మరుగుదొడ్డికి. వెళ్ళినదాన్ని రేకు తలుపు సందులోంచి చూస్తూ, అది పోయేదాకా లోపలే ఉండేదాన్ని. రెండుసార్లు బడికి ఆలస్యమైంది. కారణం అడిగితే పంతులమ్మకు ఏం చెబుతాం.

పెద్దవాళ్ళ జోలికి అంతగా పోదు. దానికి కావలసింది తన ఎత్తున ఉన్న మొహాలు. ఒకనాడు అమ్మ వేణును పెరట్లో గోడ పట్టించి నిలబెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి "రా నాయనా" అని చేతులు చాచింది. వాడు ఒక చెయ్యి వదిలాడు. పుంజు బావి వెనక నుంచి వచ్చి వాడి నుదుటి మీద ఒక్క పోటు పొడిచింది. కనుబొమకు పైన, వేలెడు దూరంలో. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజు నుంచి వాణ్ణి నేల మీద దించితే చాలు, కాళ్ళు రెండూ పొట్టలోకి ముడుచుకునేవాడు. కూర్చుని జరగడం కూడా మానేశాడు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. "వేలెడు కిందికి పొడిచి ఉంటే బిడ్డ కన్ను పోయుండును అత్తా" అంది. అవ్వకూ భయం వేసింది, కాని ఒప్పుకోదు. ఆమె ముందు ఆ పుంజు ఇన్‌స్పెక్టరు బడికి వచ్చిన రోజు అల్లరి పిల్లాడిలా ఉండేది. చంకలో పెట్టుకుంటే కళ్ళు మూసుకునేది. "నా దగ్గిర ఎట్టా ఉండాదో చూడండి. మీరే దాన్నేదో అని ఉంటారు" అనేది.

నాయన ఆ ఆదివారం ధైర్యం చేశాడు. "అమ్మా, దీన్ని కూర చేసేద్దాం. అమ్మవారికి ఇంకో మంచి పుంజును తెచ్చి ఇద్దాం. తల్లికి తెలిసేది ఏముంది?"

"తల్లికి తెలీదా? నీకు నోరెట్టా వచ్చింది రా ఆ మాట అనను. తల్లి పేరు పెట్టినాక తల్లిదే."

"అయితే దీన్నే ఇచ్చేసి రా. రేపే."

"బిడ్డ నడిచొచ్చి ఇస్తాడని గదా మొక్కింది. వాడు నడవనీ."

"అది ఉండంగా వాడెట్టా నడుస్తాడు?"

"వాడు నడవందే అదెట్టా పోతాది?"

పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అన్నట్టు, మా ఇంట్లో ఆ మొక్కుకు గడియ పడిపోయింది. వేణు నడిస్తే గాని పుంజు పోదు, పుంజు పోతే గాని వేణు నడవడు. వీటి మధ్య వేణును మోసేదాన్ని నేను. అమ్మకు వంట, అవ్వకు నడుం నొప్పి. బడి నుంచి రాగానే వాణ్ణి నా చంకన వేసేవాళ్ళు. మూడేళ్ళు కావస్తున్న పిల్లాడు, బాగా తిన్న పిల్లాడు. వీధిలో పిల్లలు గచ్చకాయలు ఆడుతుంటే నేను ఒక పక్కకు ఒరిగి నిలబడి చూసేదాన్ని. నా నడుము ఇప్పటికీ కొంచెం ఎడమకు వంకరేనని టైలరు చెబుతాడు.

మా పక్కింట్లో అంతువాన్ అని ఒక ముసలాయన ఉండేవాడు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి, ఏవేవో ఎడారుల్లో తిరిగి, పెన్షన్‌తో ఇల్లు చేరినవాడు. అలాంటివాళ్ళను మా ఊళ్ళో సొల్దా అంటారు. మేం ఆయన్ని సొల్దా తాత అనేవాళ్ళం. ఆయన తమిళంలో మాట్లాడితే అవ్వ తెలుగులో జవాబు చెప్పేది. ఏళ్ళ తరబడి ఇద్దరికీ ఎక్కడా తేడా రాలేదు. పుంజు సంగతి గోడ మీదుగా విని, ఆయన చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, గొడుగు పట్టుకుని మా పెరట్లోకి వచ్చాడు. "పాపా, చూసి నేర్చుకో. శత్రువుకు వీపు చూపించకూడదు. పరిగెత్తితే తరుముతుంది, నిలబడితే ఆలోచిస్తుంది" అన్నాడు. పుంజు నిజంగానే ఆలోచించింది. ఆయన గొడుగు విప్పి ముందుకు పెట్టగానే, దాని కిందినుంచి దూరి ఆయన పిక్క పట్టుకుంది. సొల్దా తాత వీపు చూపించకుండానే, వెనక్కి నడుస్తూ, నడవా, హాలు, తిన్నె దాటి వీధిలోకి పోయాడు.

కాని ఆయన ఓటమి ఒప్పుకునే మనిషి కాదు. మర్నాడు రెండు బిరడాలతో వచ్చాడు. ఆయన ఇంట్లో ఖాళీ వైన్ సీసాలకు కొదవ లేదు. మేకు కాల్చి ఒక్కో బిరడాకు గుంట చేసి, అవ్వ పుంజును చంకలో పెట్టుకుంటే, దాని కాళ్ళ ముళ్ళకు ఒక్కొక్కటి తొడిగాడు. గాయం కాదు, పొడిచినా గుచ్చుకోదు. అవ్వకు ఒక్కటే సందేహం. "తమ్ముడూ, అమ్మవారి కోడికి సారాయి బిరడాలా?"

"అక్కా, ఇది పండక్కి చర్చిలో పోసే వైను. దోషం ఉండదు."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. పుంజు రెండు రోజులు బిరడాల మీద, కొత్త చెప్పులేసుకున్న పెళ్ళికొడుకులా కాళ్ళు ఎత్తెత్తి వేసింది. మూడో రోజు ఒకటి కాలవలో కనిపించింది. రెండోది అసలు కనిపించలేదు, అదే మింగిందని నాయన అనుమానం.

చివరికి నాయన మాట ఒక్కచోట నెగ్గింది. పుంజు కాలికి తాడు కట్టారు. మామూలు తాడైతే కాలు ఒరుసుకుంటుందని, అవ్వ తన పాత చీర అంచు చించి, మూడు పాయలుగా అల్లి, తన చేత్తోనే ఉతికే రాయికి ఉన్న ఇనప కొక్కేనికి ముడి వేసింది. తాడు ఎంత దూరం వస్తుందో నేను చూసుకుని, బొగ్గుతో గుండ్రంగా గీత గీశాను. గడప ఆ గీతకు బయట. మరుగుదొడ్డి దారి మాత్రం గీతను రాసుకుంటూ పోయేది. అక్కడ ఐదడుగులు పరిగెత్తాలి. ఆ రోజుల్లో పరిగెత్తినంత వేగంగా నేను మళ్ళీ ఎప్పుడూ పరిగెత్తలేదు.

అసలు సంగతి జరిగింది బడికి సెలవైన ఒక రోజు పొద్దున. నాయన మిల్లుకు పోయాడు. కురుచికుప్పం నుంచి చేపలమ్మి వచ్చి వీధిలో బుట్ట దించింది. అమ్మా, అవ్వా ముందుకు పోయారు. చేపల బేరమంటే అవ్వ చేప మొప్పలు విప్పి చూడాలి, చేపలమ్మి బుట్ట ఎత్తుకుని రెండుసార్లు వెళ్ళిపోవాలి, రెండుసార్లు వెనక్కి రావాలి. వేణును గడప మీద కూర్చోబెట్టి, ఆడుకోను గరిటె ఇచ్చి, నేను పెరటి చివరికి వెళ్ళాను. తిరిగి వస్తుండగా తాడు తెగింది. పుంజు తిన్నగా గడప మీది వేణు మీదికి పోయింది. మూడేళ్ళుగా కాలు కదపని పిల్లాడు, ప్రాణభయంతో లేచి, నడవడం కూడా రాకుండానే పరిగెత్తాడు. నేను గాభరాపడి కిందపడ్డాను. కేకలు విని పెద్దవాళ్ళు వచ్చేసరికి వేణు ఉతికే రాయి దగ్గర రెండు కాళ్ళ మీద నిలబడి, ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో నా పావడా పట్టుకుని ఏడుస్తున్నాడు.

అమ్మ అక్కడే కూలబడి వాడి పాదాలు పట్టుకుంది. ఆమె అలా ఏడవడం నేను మళ్ళీ చూడలేదు. అవ్వ పుంజును పట్టి చంకలో పెట్టుకుని, దాని తల నిమిరి, "చూసినారా, తల్లి ఎందుకు ఆలస్యం చేసిందో. బిడ్డను తరిమి నడిపించింది గదా నా తల్లి" అంది. చేపలమ్మి బుట్టతో సహా పెరట్లోకి వచ్చి దణ్ణం పెట్టుకుంది. ఆ పూట చేపలు అవ్వ అడిగిన ధరకే వచ్చాయి. సాయంత్రానికి కథ ఉప్పళమంతా తిరిగింది. వేణు పెరిగి పెద్దయి, ఉద్యోగం చేసి, రిటైరయ్యేదాకా పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, "కోడి తరిమితే నడిచినోడు" అని వాణ్ణి చూపించేవాళ్ళు. వాడు నవ్వి ఊరుకునేవాడు. ఆ కథను ఎక్కువసార్లు చెప్పింది నేనే.

తమిళుల ఆడి నెలలో వీరాంపట్టినం పోయాం. తిరునాళ్ళ జనంలో వేణు అవ్వ వేలు పట్టుకుని నడిచాడు, పుంజు అవ్వ రెండో చంకలో కళ్ళు మూసుకుని వచ్చింది. వాడి చెయ్యి దాని వీపు మీద పెట్టించి గుళ్ళో అప్పగించాం. అక్కడ మొక్కుకోళ్ళను అప్పటికప్పుడే వేలం వేస్తారు. అవ్వ వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది, బస్సులో మాత్రం ముక్కు చీదుతూనే ఉంది. నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదు అన్న ముసలమ్మలా మర్నాడు పొద్దున చీకటితోనే లేచి, పెరట్లో నిలబడింది. గోడ అవతల పుంజు కూసింది. అవ్వ ముక్కాలిపీట వేసుకుని గోడ మీదుగా చూసింది. తిరునాళ్ళు చూడను వచ్చిన సొల్దా తాత, వేలంలో దాన్నే పాడుకుని తెచ్చుకున్నాడు. "దాన్ని ఎవరో కోసుకు తింటారంటే మనసొప్పలేదక్కా. సైనికుడు గదా" అన్నాడు. అది ఆయన ఇంట్లో ముసలిదై, ఒక వానాకాలం దానంతటది పోయింది.

ఇక్కడికి చదివి పత్రిక మూశాను. వేణు నవ్వలేదు. కళ్ళు పెరట్లోనే ఉన్నాయి.

"అక్కా, నువ్వు రాసేది నాకు చదవను రాదు. అందుకని ఏందైనా రాసేయొచ్చా?"

"ఏం తప్పురా?"

"దిక్కు తప్పు." వాడు నా చేతిలోంచి పత్రిక తీసుకుని, వెనక అట్ట మీద పెన్సిలుతో గీశాడు. ముప్పై ఏళ్ళ అలవాటు, గీత వంకర పోలేదు. "ఇది గడప. నేను ఈడ కూచోనుండా. ఇది రాయి. కోడి ఉండేది ఆడ. అది ఆణ్ణించి నా మీదికి వస్తా ఉంటే, నా వెనకాల వంటిల్లు తెరిచి ఉండాది గదా. భయపడినోడు లోపలికి పోతాడా, కోడి ఇంటికే పోతాడా?"

ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు చెప్పి ఉంటాను ఆ కథను. ఒక్కసారీ నాకా ఆలోచన రాలేదు. రానివ్వలేదేమో.

"ఇంకోటి. తాడు తెగింది అన్నావు. అవ్వ పోయినాక ఆమె పెట్టె సర్దింది నేనే. మొక్కు తాడని దాచుకోనుండాది. చీర అంచు తాడు, మూడు పాయలు. యాడా తెగలేదు. ముడి విప్పిన తాడు అది. నాకు ఇన్నాళ్ళూ దాని సంగతి అర్థం కాలేదు, నువ్వు చదివినాక ఇప్పుడు తడతా ఉండాది."

అంటే అవ్వకు ఆ రోజే తెలుసు. తాడు చేతిలోకి తీసుకున్న క్షణమే తెలిసి ఉంటుంది. నన్ను ఒక్క మాట అనలేదు, చచ్చిపోయేదాకా అనలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డెబ్బై ఏళ్ళు వచ్చాక దాచుకోవడానికి ఏముంది గనక, తమ్ముడికి జరిగింది చెప్పాను. ఆ పొద్దున ముడి విప్పింది నేనే. చేతులతో రాక, పళ్ళతో విప్పాను. పుంజు గోడ దూకి పారిపోతుందని, అప్పుడు అవ్వ కొత్తది కొనక తప్పదని, ఈ చిక్కు వీడిపోతుందని, నేను గచ్చకాయలు ఆడుకోవచ్చని. అది గోడ వైపు చూడనైనా చూడలేదు. నా మీదికే ఎగిరింది. రాయి పక్కన వెల్లకిలా పడ్డాను, అది నా గుండెల మీదికి ఎక్కింది. రెండు చేతులతో మొహం కప్పుకుని అరిచాను. తర్వాత బరువు పోయింది. కళ్ళు తెరిస్తే వేణు నిలబడి ఉన్నాడు. పెద్దవాళ్ళు ఏం జరిగిందని అడిగితే, తాడు సంగతి బయటపడుతుందని, కోడి వేణు మీదికి పోయిందని చెప్పాను. అంతే. మిగతా కథ వాళ్ళే అల్లుకున్నారు, నేను అరవై ఏళ్ళు దాన్ని అమ్ముకున్నాను.

వేణు మోకాలు పట్టుకుని మరీ నవ్వాడు, కుట్లు లాగుతున్నాయని ఒక పక్క మూలుగుతూ. "కోడిని విప్పింది నువ్వు, పిరికోడు నేను. బాగుండాది అక్కా నీ సాహిత్యం."

"నీకేమన్నా గుర్తుందా? ఎందుకొచ్చావు?"

"ఏం గుర్తుంటాది, మూడేండ్ల బిడ్డకు." పెన్సిలు పత్రిక మీద పెట్టాడు. "నువ్వు అరిచి ఉంటావు."

ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. నేను చంకన మోయలేక విసుక్కున్న పిల్లాడు, నుదుటి మీద పొడిచిన ఆ కోడి వైపే గరిటె పట్టుకుని వచ్చాడని ఇన్నేళ్ళకు నాకు తెలిసింది. ఆ బరువు దించుకోవడానికే కాబోలు, పోట్లాటకు దిగాను. "నీకు నడవడమే రాదు. గడప నుంచి రాయి దాకా పన్నెండు అడుగులు. అంత దూరం ఎట్లా వస్తావురా?"

"పన్నెండు యాడుండాది? ఎనిమిది."

"నేను రోజూ తిరిగిన పెరడు. పన్నెండు."

"అక్కా, నువ్వు కథలు రాసుకో. కొలతలు నాకు వదిలెయ్యి." వాడికి ఒళ్ళు మండింది. తప్పు కొలత వాడి ముందు ఎవరన్నా చెబితే చిన్నప్పటి నుంచీ అంతే. వాకర్ మీద రెండు చేతులూ వేసి లేచాడు. గడప దాటాడు. "ఒకటి" అన్నాడు. నేను నోరు మూసుకుని పక్కనే నడిచాను, ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకున్నాను. ఐదో అడుగు దగ్గర ఆగి, అడుగుకీ అడుగుకీ మధ్య దూరం సమానంగా రావడం లేదని తనలో తనే గొణుక్కున్నాడు. మళ్ళీ కదిలాడు. రాయి మీద చెయ్యి పెట్టి, "తొమ్మిది" అన్నాడు. "ఆపరేషను కాలు గదా, ఒకటి ఎక్కువ వచ్చింది. అసలు ఎనిమిదే."

వంటింటి గడప మీద కస్తూరి కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడిపోయి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. గ్లాసులు కింద పెట్టి, చెంపలు వేసుకుని, పెరటి గోడ మీదుగా వీరాంపట్టినం ఉండే దిక్కుకు దణ్ణం పెట్టింది. అప్పుడు గాని వేణుకు తాను ఎక్కడ నిలబడి ఉన్నాడో తెలియలేదు. కిందికి చూసుకున్నాడు. ఒక చెయ్యి వాకర్ మీద, ఒక చెయ్యి నా భుజం మీద.

"ఏం మొక్కినావు?" అని పెళ్ళాన్ని అడిగాడు.

"ఏముంటాది, మీ ఇంటి అలవాటే. పుంజు. మీరు నడిచొచ్చి ఇస్తారని. కోడిని రేపు తెస్తా."

వేణు నా వైపు తిరిగి, మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. "తే. తాడు మటుకు అక్క చేతికి ఇవ్వబాక" అన్నాడు. ఆ మాట వాడు నిలబడే అన్నాడు.